నొప్పి తెలియని కాలు

మా నాయన గుడియాత్తంలో ముప్పై ఏండ్లు లుంగీలు నేసినాడు. మగ్గం గుంటలో కూర్చొని పలకలు తొక్కీ తొక్కీ ఆయన పాదాలు తోలు చెప్పుల్లాగ గట్టిపడినాయి. ఆ తర్వాత చక్కెర జబ్బు వచ్చింది. కొన్నేండ్లకు పాదాల్లో స్పర్శ పోయింది. చెప్పు జారిపోయినా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. "నొప్పి ఉంటే కదా బాధ!" అనేవాడు. మేమూ ఆ మాటనే నమ్మినాం.

మేము బాగాయానికి కాపురం మార్చిన మరుసటి ఏడు ఆయన కుడి పాదం వాచింది. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేదు. ఒక చిన్న ఆసుపత్రిలో చూపిస్తే నీరు దిగిందని మాత్రలిచ్చినారు. ఆయన రోజూ కూరగాయలకు నడిచిపోయి వస్తూనే ఉన్నాడు. అట్లా మూడు వారాలు గడిచినాయి. మా అత్త ఫోను చేసి, పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించండి అన్నది. కాలు చూడకుండానే ఎముక సంగతేమో అని ఆమెకు తోచింది. కండ్లెదుట పెట్టుకొని మాకే తట్టలేదు. అయితే బిగుసుకున్నా తెలియని కాలికి కట్టు ఎంత ప్రమాదమో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

మా ఎదురింట్లో నర్సు పని చేసి రిటైరైన తమిళావిడ ఉంది. ఒక సాయంకాలం తోడుకు మజ్జిగ అడగడానికి వచ్చి, నాయన కాలు చూసి, కింద కూర్చుంది. చేతి వెనకవైపును ముందు ఎడమ పాదానికి, తర్వాత కుడి పాదానికి ఆనించింది. "అయ్యా, సుడుదే!" అన్నది. మళ్లీ ఆ కాలు నేల మీద పెట్టనీయలేదు. ఆటో కూడా ఆమే పిలిపించింది.

ఎక్స్‌రే తీస్తే పాదం నడుమ ఎముకలు రెండు చోట్ల విరిగి ఉన్నాయి. విరిగిన ఎముకల మీద మా నాయన మూడు వారాలు నడిచినాడు. నేను పక్కనే సంచి పట్టుకొని నడిచినాను.

దీన్ని షార్కో పాదం అంటారు. నరాల జబ్బులో కీళ్లు ఇట్లా చెడిపోవడాన్ని షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు 1868లో వివరించినాడు. ఎముక విరిగిన చోటికి రక్తం ఎక్కువగా చేరుతుంది, పైన చర్మం వేడెక్కుతుంది. నొప్పి తెలిసినవాడు కాలు కింద పెట్టడు. తెలియనివాడికి ఆ వేడీ వాపే గుర్తులు. ఒక్కోసారి ఎక్స్‌రేలో ఇంకా ఏమీ కనబడక ముందే కాలు వేడెక్కి ఉంటుందట.

వేలూరికి ఇది కొత్త సంగతి కాదు. పాల్ బ్రాండ్ పుట్టింది మన కొల్లిమలలోనే. 1946లో వేలూరికి వచ్చి, కుష్ఠువ్యాధి సోకినవారి చేతులకూ కాళ్లకూ శస్త్రచికిత్సలు చేసినాడు. వాళ్ల పాదాలు అరిగిపోవడానికి కారణం వ్యాధి తినేయడం కాదు, నొప్పి తెలియక వాటి మీదే నడవడం అని చాటి చెప్పినాడు. 1966లో అమెరికాలోని కార్విల్‌కు పోయిన తర్వాత, వేడిని బొమ్మగా చూపే యంత్రంతో అక్కడివారి పాదాలను పరీక్షించినాడు.

ఆ యంత్రం ఇప్పుడు చేతిలో ఇమిడే కెమెరా అయింది. ప్రతి ఒంటి నుంచీ కంటికి కనబడని పరారుణ కిరణాలు వస్తుంటాయి. 1800లో విలియం హెర్షెల్ ఎండలో కనిపెట్టిన కిరణాలే అవి. కెమెరా మన మీదికి ఏమీ వదలదు, వచ్చేదాన్ని పట్టుకుంటుంది. అందుకే ఎన్నిసార్లు తీసినా ఒంటికి హాని లేదు. ఒక కుర్ర డాక్టరు మాకు తెర మీద చూపించినాడు. ఎడమ పాదం ఆకుపచ్చగా, కుడి పాదం నడుమ నిప్పుల కుంపటిలాగ ఎర్రగా ఉంది. నాయన కండ్లు చిట్లించి, "ఇది నా కాలేనా?" అన్నాడు.

అయితే ఆ కెమెరా ఎముకను చూడదు, పైచర్మం వేడినే చూస్తుంది. చీము పట్టినా ఎరుపే, ఎండలో నడిచొచ్చినా ఎరుపే. అందుకని చెప్పులు విప్పించి కొంతసేపు నీడలో కూర్చోబెట్టి, రెండు పాదాలనూ పోల్చి చూస్తారు. విరిగిందా లేదా అని తేల్చేది ఇప్పటికీ ఎక్స్‌రే, స్కానులే. మానుతున్నదా అని తెలుసుకోవడానికి మాత్రం ఈ వేడి బాగా ఉపయోగపడుతుంది.

కాలికి మోకాలి కిందివరకు పిండికట్టు వేసినారు. కట్టు మార్చినప్పుడల్లా 2020లో దుకాణాల ముందు మన నొసటికి గురిపెట్టినారే, అట్లాంటి తుపాకితోనే రెండు పాదాలూ కొలిచేవారు. నేను క్యాలెండరు వెనక రాసుకున్నాను. మొదట తేడా 4 డిగ్రీలు. తర్వాత 3. ఒక నెల మళ్లీ 3.5కు ఎక్కింది, విచారిస్తే, రాత్రిళ్లు ఎవరినీ లేపకుండా దొడ్డికి నడిచిపోయినాడని బయటపడింది. అమ్మ ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు. రెండు డిగ్రీలకు పైగా తేడా ఉంటే ఇంకా లోపల రగులుతున్నట్టేనని చెప్పినారు. ఒక డిగ్రీకి దిగి, అక్కడే నిలబడేసరికి ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు ఆయన ప్రత్యేకంగా కుట్టించిన చెప్పులతో నడుస్తున్నాడు. మా ఇంట్లో తుపాకీ లేదు, కెమెరా లేదు. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ దీపం ఆర్పకుండా ఆయన కాళ్ల దగ్గర కూర్చొని, చేతి వెనకవైపు ఒక పాదానికీ, మరో పాదానికీ ఆనిస్తుంది.

"ఏం, కాలుతోందా?" అంటాడు నాయన.

"రెండూ చల్లగానే ఉండాయి, పడుకో."