అక్క ఉన్న సూపర్ హీరో

‘హను-మాన్’ సినిమాలో విలన్ మైకేల్‌కి చిన్నప్పటినుంచీ ఒకటే కోరిక, సూపర్ హీరో కావాలని. ఆ పిచ్చిలో ఒక లెక్క తేల్చుకుంటాడు: సూపర్ హీరోలెవరికీ అమ్మానాన్నలు ఉండరు. అంతే, ఇంటికి నిప్పుపెట్టి కన్నవాళ్లని పొట్టన పెట్టుకుంటాడు.

ఆ లెక్క అబద్ధం కాదు. 1938లో వచ్చిన సూపర్‌మాన్‌కి పుట్టిన గ్రహమే మిగల్లేదు. 1939 నాటి బాట్‌మాన్ కళ్లెదుటే అమ్మానాన్నలు తుపాకీకి బలయ్యారు. 1962లో పుట్టిన స్పైడర్‌మాన్‌కి, పెంచిన బెన్ అంకుల్ పోతే గాని బాధ్యత తెలిసిరాలేదు. ఇంట్లోంచి శవం లేస్తే తప్ప వీరుడు పుట్టడన్న సూత్రాన్ని అమెరికా కామిక్స్ దశాబ్దాల తరబడి నమ్ముకున్నాయి. ప్రశాంత్ వర్మ ఆ సూత్రాన్ని తీసుకెళ్లి విలన్ చేతిలో పెట్టాడు. హీరో హనుమంతుకీ అమ్మానాన్నలు లేరు గాని, తల్లీ తండ్రీ తానే అయి పెంచిన అక్క అంజమ్మ ఉంది. చిల్లర దొంగతనాలు చేసే కుర్రాడికి హనుమంతుడి రక్తపు బొట్టులోంచి పుట్టిన మణి దొరుకుతుంది. అది కూడా పొద్దున్నంతసేపే పనిచేస్తుంది, చీకటి పడితే మామూలు మనిషే. అక్క, ఊరు, సూర్యుడు, ఈ మూడూ లేకపోతే అతను లేడు. 2024 జనవరి 12న, మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’ విడుదలైన రోజే, ఇంత చిన్న కుర్రాడి కథ వచ్చి దేశమంతా ఆడిందంటే అందులో గ్రాఫిక్స్ వాటా ఎంతో, అంజమ్మ వాటా కూడా అంత ఉంది.

ప్రశాంత్ వర్మది పాలకొల్లు. దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య పుట్టిన ఊరు. తెలుగు తెరకి గ్రాఫిక్స్ రుచి చూపించిన కోడి రామకృష్ణదీ ఆ ఊరే. ఆయన ‘అమ్మోరు’ (1995) తీసినప్పుడు తెలుగునాట సూపర్ హీరో అనే మాటకి ఇంత వాడకం లేదు. అయినా ఆ సినిమా చేసింది ఆ పనే. అత్తింటి కుట్రల మధ్య చిక్కుకున్న ఇల్లాలి కోసం అమ్మవారు చిన్నపిల్లగా ఇంట్లోకి వచ్చి పనిపాటలు చేస్తుంది. లోకాన్ని కాపాడే శక్తి వంటింట్లో తిరుగుతుంది. పాలకొల్లునుంచి కాస్త పక్కకి వెళితే మొగల్తూరు, బాహుబలిగా, ‘కల్కి’లో భైరవగా నటించిన ప్రభాస్ కుటుంబం ఊరు. గోదావరి ఒడ్డునే ఉన్న కొవ్వూరు రాజమౌళి కుటుంబానిది. చిన్నప్పుడు చదివిన అమర్ చిత్రకథ పుస్తకాలే తనకి కథల మీద ఆసక్తి పెంచాయని రాజమౌళి చాలాసార్లు చెప్పాడు. తెలుగు వీరుల పటం గీస్తే దాదాపు సగం ఈ మూడు మండలాల్లోనే పడుతుంది.

విశేషమేమిటంటే, ఇప్పుడు అమెరికా కామిక్స్ కూడా మైకేల్ లెక్కని చెరిపేస్తున్నాయి. 2024 అక్టోబరులో మొదలైన ‘అబ్సల్యూట్ బాట్‌మాన్’ చూడండి. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రగోటా బొమ్మలు. ఇందులో బ్రూస్ వేన్‌కి బంగళా లేదు, కోట్ల ఆస్తి లేదు, ఇంజినీరు ఉద్యోగం చేసుకుంటాడు. బడిపంతులైన తండ్రి పోయాడు గాని తల్లి మార్తా బతికే ఉంది. రాత్రంతా తన్నులు తిని వచ్చిన కొడుకు పొద్దున్నే అమ్మకి మొహం చూపించాలి. ఆ ఒక్క మార్పుతో బాట్‌మాన్ కొత్త మనిషయ్యాడు. అదే ఏడాది జనవరిలో జొనాథన్ హిక్‌మన్, మార్కో కెకెట్టో మొదలుపెట్టిన ‘అల్టిమేట్ స్పైడర్‌మాన్’ ఇంకా ముందుకెళ్లింది. పీటర్ పార్కర్‌కి నడివయసు దగ్గరపడుతోంది, భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, బెన్ అంకుల్ నిక్షేపంగా ఉన్నాడు. ముసుగు వేసుకోవడం అన్నది ఇల్లంతా మాట్లాడుకోవలసిన విషయమైంది. ఈ రెంటినీ చదివినవాళ్లకి పాత బాట్‌మాన్ ఒంటరితనం కాస్త సులువైన దారిగానే కనిపిస్తుంది. ఎవరూ లేనివాడు ప్రాణం పణంగా పెట్టడం ఒక ఎత్తు, గుమ్మంలో ఎదురుచూసేవాళ్లున్నవాడు పెట్టడం ఇంకో ఎత్తు.

యానిమేషన్‌లో ఈ పని అందరికంటే బాగా చేసింది ‘ఇన్విన్సిబుల్’. రాబర్ట్ కిర్క్‌మన్ 2003లో మొదలుపెట్టిన కామిక్ 2021లో ప్రైమ్ వీడియోలో సిరీస్‌గా వచ్చింది. లోకమంతా దేవుడిలా చూసే ఓమ్నీ-మాన్ నిజానికి ఈ భూమిని ఆక్రమించడానికి వచ్చినవాడు. ఆ నిజం తెలిసి అతనికి ఎదురుతిరిగేది కన్నకొడుకు మార్క్. తండ్రి రాక్షసుడు, కొడుకు ధర్మం పక్షం. తెలుగువాళ్లకి ఇది కొత్త కథా? పోతన భాగవతం చేతికందిన ప్రతి ఇంట్లో ప్రహ్లాదుడు ఉన్నాడు. కామిక్‌లో కాస్త పక్కనే ఉండిపోయిన తల్లి డెబీకి సిరీస్ పెద్దపీట వేసింది. ఇరవై ఏళ్లు కాపురం చేసినవాడు ఎవరో తెలిశాక ఆవిడ పడే నరకం, కొడుకుని మళ్లీ నిలబెట్టుకునే తీరు, మూలకథలో కంటే సిరీస్‌లోనే బలంగా ఉన్నాయి. కామిక్‌ని తెరకెక్కించడమంటే ఫ్రేములు మక్కీకి మక్కీ దించడం కాదనీ, మూలంలో చోటు దొరకని మనిషికి చోటివ్వడమనీ ఈ సిరీస్ చేసి చూపించింది.

మన ప్రహ్లాదుడి కథ 2025 జూలై 25న ‘మహావతార్ నరసింహ’గా తెరమీదికొచ్చింది. అశ్విన్ కుమార్ దర్శకత్వం. తెలుగునాట పంపిణీ చేసింది గీతా ఆర్ట్స్, అంటే మళ్లీ పాలకొల్లు అల్లువారే. పెద్ద తారల పేర్లు లేకుండా, ఒక యానిమేషన్ సినిమా 300 కోట్లు దాటి వసూలు చేయడం ఈ దేశంలో ముందెన్నడూ లేదు. స్తంభం పగిలాక వచ్చే ఘట్టాలు ఒళ్లు గగుర్పొడిచేలా ఉన్నాయి. కొన్ని చోట్ల మనుషుల నడకలో బిగుసుతనం, ముఖాల్లో భావం చాలకపోవడం కూడా అంతే నిజం. అయినా జనం ఆదరించారు. తండ్రీకొడుకుల మధ్య తల్లి నలిగిపోయే చోట వాళ్లు చూసింది గ్రాఫిక్స్ కాదు.

‘స్పైడర్‌మాన్: అక్రాస్ ది స్పైడర్-వర్స్’ 2023 జూన్ 1న మన దేశంలో ఇంగ్లీషు, తెలుగుతో సహా పది భాషల్లో వచ్చింది. అందులో పెద్దలు మైల్స్ మోరాలెస్‌కి చెప్పేది మైకేల్ లెక్కే: స్పైడర్‌మాన్ అయ్యాక ఇంట్లో ఒకరిని పోగొట్టుకోవాల్సిందే, అది రాసిపెట్టి ఉంది. మైల్స్ ఒప్పుకోడు. మా నాన్న ఎందుకు పోవాలంటాడు. ఇన్నేళ్ల సూత్రానికి ఇంత సూటి జవాబు ఇంకే సూపర్ హీరో సినిమా ఇవ్వలేదు. అందులో కనిపించే మన దేశపు స్పైడర్‌మాన్ పవిత్ర్ ప్రభాకర్‌ని 2004లో కామిక్‌గా సృష్టించినవాళ్లలో శరద్ దేవరాజన్ ఒకరు. ఆయన సంస్థ గ్రాఫిక్ ఇండియానే తరవాత రాజమౌళితో కలిసి 2024 మేలో ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ యానిమేషన్ సిరీస్ తెచ్చింది. సినిమాలో పగవాళ్లయిన బాహుబలి, భల్లాలదేవ ఇందులో మాహిష్మతి కోసం ఒకే పక్షాన పోరాడతారు. అన్నదమ్ముల మధ్య అసూయ ఇంకా విషం కాకముందటి రోజులు. బొమ్మల్లో నాణ్యత అన్నిచోట్లా ఒకేలా లేకపోయినా ఈ ఎంపిక మంచిది. అదే నెలాఖరున ‘కల్కి’ సినిమాకి ముందుమాటగా హైదరాబాదు గ్రీన్ గోల్డ్ సంస్థ, అంటే ‘ఛోటా భీమ్’ చేసినవాళ్లే, ‘బుజ్జి అండ్ భైరవ’ తీశారు. సరదాగా ఉంది. కాని సినిమాకి ప్రచారంగా పుట్టినది ప్రచారం అయిపోగానే పక్కకెళ్లిపోతుంది.

‘హను-మాన్’ మీదా ఒక ఫిర్యాదు ఉంది. అంత అందంగా తీర్చిన అంజమ్మని కథ చివరికి చంపేసింది. మైకేల్ సూత్రాన్ని ఎగతాళి చేసిన సినిమా, హీరోకి కోపం తెప్పించడానికి ఆ సూత్రాన్నే వాడుకుంది. హనుమంతుగా చేసిన తేజ సజ్జాయే నటించిన ‘మిరాయ్’ (2025) ఇంకాస్త వెనక్కి వెళ్లి, తల్లినుంచి బిడ్డని పుట్టగానే దూరం చేసి కథ మొదలుపెట్టింది. బతికున్న అక్కతో హీరోని చివరిదాకా నడిపించడం కష్టమైన రచన. ఆ కష్టం పడాలి.

ఆ కష్టం పడటానికి కావలసిన సరంజామా గోదావరి జిల్లాల్లో దండిగా ఉంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ బుడుగుని రాస్తే, నరసాపురంలో పుట్టిన బాపు గీశాడు. బామ్మ, బాబాయి, అమ్మ, నాన్న, పక్కింటి సీగాన పెసూనాంబ లేకుండా బుడుగుని ఊహించగలమా? కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలవాళ్లు తెరవెనక దీపం పెట్టి రంగుల హనుమంతుణ్ణి లంక దాటించారు. లేనిదల్లా పుస్తకం. చందమామ ఆగి పదేళ్లు దాటింది. రాజమండ్రి స్టేషన్లో రైలెక్కే పిల్లవాడికి కొనిపెడదామంటే తెలుగు సూపర్ హీరో కామిక్ దొరకదు. అమెరికాలో కథ ముందు చవక కాగితం మీద నెలనెలా పరీక్షకి నిలబడుతుంది, నెగ్గితే తెరకెక్కుతుంది. ఇక్కడ వందల కోట్ల సినిమా ముందు, బొమ్మల కథ తరవాత.

నరసాపురంలో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణించి అంతర్వేది. అక్కడి స్థలపురాణంలో రక్తవిలోచనుడనే రాక్షసుడున్నాడు. అతని రక్తం తడిసిన ఇసుక రేణువులు ఎన్నో అంతమంది రాక్షసులు పుడతారని వరం. నరసింహస్వామి ఒక్కడివల్లా కాలేదు. రక్తం నేలరాలకుండా అశ్వరూఢాంబిక అడ్డుపడితేనే వాడు చచ్చాడు. ఊళ్లోవాళ్లకి ఆవిడ గుర్రాలక్క, స్వామికి తోబుట్టువు. భీష్మ ఏకాదశి రథోత్సవంలో ఆవిడకి చీర, సారె ఇచ్చే ఆచారం ఇప్పటికీ ఉంది. యుద్ధం గెలిపించి, బతికుండి, ఏటేటా పుట్టింటి చీర అందుకునే వీరవనిత ఏ కామిక్ కంపెనీ దగ్గరా లేదు. తెలుగు ప్రచురణకర్తలూ, బొమ్మలు గీసే కుర్రాళ్లూ, ‘జై హనుమాన్’ పనిలో ఉన్న ప్రశాంత్ వర్మా! సినిమా సంగతి తరవాత చూద్దురు గాని, ముందు గుర్రాలక్క కథని 32 పేజీల రంగుల పుస్తకంగా తెలుగులో వేయండి.