దుర్లోక కథ

కథలు పలువిధములు. జరిగినదానిని జరిగినట్లు చెప్పునది చరిత్ర. జరుగకపోయినను జరిగినట్లు తోపింపజేయునది నవల. నవలలలోనే, జరుగరానిదానిని కన్నులకు గట్టినట్లు చూపి, ‘ఇది రాకుండ కాచుకొనుడు’ అని మేలుకొలుపు తెగ యొకటి కలదు. దానిని పాశ్చాత్యులు ‘డిస్టోపియా’ అందురు. నేటి బాలబాలికలు ఈ మాటను చలనచిత్రముల ముచ్చటలలో తరచుగా వినుచున్నారు. కాని ‘దాని యర్థమేమి?’ అని యడిగినచో, ‘ముందు కాలములో అంతయు పాడైపోయిన కథ’ అని చెప్పి యూరకుందురు. ఆ సమాధానములో సగమే నిజము. తక్కిన సగము మిక్కిలి విలువైనది.

మొదట మాట పుట్టుకను చూతము. 1516లో థామస్ మోర్ అను ఆంగ్లేయుడు ‘యుటోపియా’ అను గ్రంథమును లాటిను భాషలో వ్రాసెను. అందు ఒక దీవి, ఆ దీవిలో చక్కని యేర్పాట్లతో బ్రదుకు జనులు వర్ణింపబడిరి. గ్రీకు భాషలో ‘టోపోస్’ అనగా చోటు. ‘యుటోపియా’ అనగా ఎచ్చటను లేని చోటు. ఉచ్చారణ పోలికచేత మంచి చోటు అను అర్థము గూడ స్ఫురించును. తరువాత 1868లో జాన్ స్టువర్టు మిల్లు అను తత్త్వవేత్త బ్రిటిషు పార్లమెంటులో ప్రసంగించుచు, దీనికి ప్రతిగా ‘డిస్టోపియనులు’ అను మాటను వాడెను. గ్రీకు భాషలోని ‘డిస్’, సంస్కృతములోని ‘దుస్’ అను నుపసర్గము ఒక తల్లి బిడ్డలే. దుర్భిక్షము, దుర్దశ, దుర్లభము మొదలైన మాటలలో మనకు కనబడునది ఆ యుపసర్గమే. కావున నేనీ తెగను ‘దుర్లోక కథ’ అని తెలుగు చేసికొంటిని.

మా చర్ల భద్రాచలమునకు ఎగువన, అడవుల యంచున నున్న గ్రామము. ఈ ప్రాంతమువారికి మంచి లోకమునకు పేరు వెదకికొన నక్కరలేదు. వానలు వేళకు కురిసి, పంటలు పండి, న్యాయము నడచినచో ‘రామరాజ్యము’ అందురు. చెడ్డ లోకమునకును పేరు సిద్ధముగానే యున్నది. దారిలో దొంగతనము జరిగినను, కొడుకు తండ్రి నెదిరించినను, ‘కలికాలము నాయనా, మన చేతిలో నేమున్నది?’ అని నిట్టూర్తురు. ఈ నిట్టూర్పునకును దుర్లోక కథకును గల భేదమును గుర్తించినవారికి ఈ సాహిత్య శాఖ మర్మము తెలిసినట్లే.

భారతములోని అరణ్యపర్వములో మార్కండేయ మహర్షి ధర్మరాజునకు కలియుగ లక్షణములను వివరించెను. భాగవతము ద్వాదశ స్కంధములోను అట్టి వర్ణనము కలదు. రాజులు దొంగలగుట, ధనమే గుణముగ నెంచబడుట, మానవుల ఆయువు తరుగుట మున్నగునవి అందు చెప్పబడినవి. ఈ చిత్రము భయంకరమే. ఐనను అది కాలచక్రము త్రిప్పు త్రిప్పట. కృతయుగము వెనుక త్రేతాయుగము, దాని వెనుక ద్వాపరము, దాని వెనుక కలి. ఒక్క మనుష్యుని నిర్ణయముచేత అది రాలేదు. ఒక్క మనుష్యుని ప్రయత్నముచేత అది ఆగదు. దుర్లోక కథలోని చెడు అట్టిది కాదు. దానిని మనుష్యులే కూర్చుండి ఆలోచించి, చట్టము వ్రాసి, గోడ కట్టి, కావలి పెట్టి నిర్మింతురు. మనుష్యులు కట్టినది గనుక మనుష్యులు కట్టకుండ మానవచ్చును. ఇదియే మొదటి భేదము.

రెండవది కాలజ్ఞానము. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేర ప్రచారములో నున్న కాలజ్ఞానమును తెలుగునాట వినని యిల్లు అరుదు. అది భవిష్యవాణి. దానిని వినువాడు ‘స్వామి చెప్పినది జరిగినదా?’ అని లెక్క చూచును. జరిగినచో వాక్కు గెలిచినట్లు. దుర్లోక కథకుని కోరిక దీనికి సరిగా ఎదురు. తన కథ అబద్ధము కావలెననియే అతడు వ్రాయును. గుంత యున్నదని కేకవేసినవాడు, బాటసారి అందులో పడలేదని విచారించునా?

మూడవది విపత్తు కథ. దీనిని గూర్చి మా ప్రాంతపు పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల యెత్తున పారినది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరికకు గుర్తు 53 అడుగులే యని తెలిసినచో ఆ నీటి యుద్ధృతి బోధపడును. ఊళ్లు మునిగినవి, పంటలు పోయినవి. అట్టి వరదను గూర్చి వ్రాసిన కథ దుఃఖకరమే గాని దుర్లోక కథ కాదు; నదికి దురుద్దేశము లేదు. ప్రళయము గడచిన పిమ్మట మిగిలిన కొలదిమంది పాట్లను చెప్పు కథలును ఈ కోవకు దగ్గరివే. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ చిత్రములో ప్రపంచ యుద్ధము వెనుక జనులు భూగర్భములో తలదాచుకొను ఘట్టము అట్టిది. విపత్తు కథలో కట్టడి కూలును; దుర్లోక కథలో కట్టడి గట్టిగా నిలుచును. ఆ గట్టితనమే అచ్చట భయము.

శాస్త్రకల్పన యనునది వేరొక చుట్టము. హెచ్.జి. వెల్సు 1895లో కాలయంత్రమును, 1898లో కుజగ్రహవాసుల దండయాత్రను కల్పించి నవలలు వ్రాసెను. యంత్రములు, గ్రహాంతర యానములు శాస్త్రకల్పనకు ప్రాణము. దుర్లోక కథలో యంత్రము ఉండవచ్చును, లేకపోవచ్చును. ఉన్నను అది పాలకుని చేతి కఱ్ఱ మాత్రమే. అట్లే నీతికథ. చిన్నయసూరి నీతిచంద్రికలో జంతువులు మాటలాడి మనుష్యుల గుణములను చూపినట్లు, జార్జి ఆర్వెల్ 1945లో ప్రకటించిన ‘యానిమల్ ఫారమ్’లో పందులు, గుఱ్ఱములు నడచిన విప్లవమును చూపినవి. అది నీతికథా మార్గము. వ్యంగ్య రచన నేటి లోపమును చూచి నవ్వించును. దుర్లోక కథ అదే లోపమును చేతబట్టి, ‘దీనిని ఎవ్వరును అడ్డగింపకున్న నూరేండ్లకు ఎట్లుండును?’ అని తుదిముట్ట నడిపించును. అప్పటికి నవ్వు పోవును.

ఇక అసలైన దుర్లోక కథలు మూడింటిని తలచెదను. 1932లో ఆల్డస్ హక్స్లీ వ్రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో శిశువులు సీసాలలో తయారగుదురు. పుట్టుకకు ముందే ఐదు తెగలుగా విభజింపబడుదురు. ఎవరికైన దిగులు కలిగినచో ‘సోమ’ అను మాత్ర మ్రింగుదురు. ఆ పేరు మన వేదములలోని సోమరసమునుండి తీసికొన్నదే. అచ్చట కన్నీరు లేదు. కాని తన తల్లి యెవరో యెఱిగినవాడును లేడు. 1949లో ఆర్వెల్ ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ నవలను వెలువరించెను. ఆయన 1903లో బీహారులోని మోతీహారిలో జన్మించినవాడు. ఆయన చూపిన రాజ్యములో గోడమీది తెర మనుష్యుని రేయింబవళ్లు చూచుచుండును. పాత వార్తాపత్రికలను పాలకుల కనుకూలముగ తిరుగ వ్రాయుచుందురు. వీటికంటె నన్ను కలచినది అచ్చటి నిఘంటువు. ఏటేట దానిలోని మాటలను తగ్గించుచుందురు. మాట లేనిచో ఆలోచన పుట్టదని వారి యెత్తు. జీవితమంతయు పిల్లలకు మాటలు నేర్పిన నావంటి పండితునకు ఇంతకంటె ఘోరమైన కల రాదు. 1953లో రే బ్రాడ్బరీ వ్రాసిన ‘ఫారెన్‌హీట్ 451’లో మంటల నార్పవలసినవారే పుస్తకములను కాల్తురు. అందు గమనింపదగిన దేమనగా, ఆ దేశపు జనులు అంతకు ముందే తమంతట తాము చదువుట మానిరి. నిప్పు తరువాత వచ్చినది.

ఈ మూటిలోను ఒక పోలిక యున్నది. మూడు రాజ్యములును ‘మీ మేలు కొఱకే’ అని మొదలైనవి. సుఖము, భద్రత, శాంతి అను మంచి పేర్లతోనే గొలుసులు వచ్చినవి. వేయేల? ప్రతి దుర్లోకమును ఎవరో ఒకరి రామరాజ్యమే.

నేను ఉద్యోగములో నున్నప్పుడు ఎనిమిదవ తరగతివారిని ‘చెడిపోయిన ఊరు’ అను పేర కథ వ్రాయుమంటిని. పెక్కుమంది వరదను వ్రాసిరి. కొందఱు దయ్యములను తెచ్చిరి. ఒక కోయ బాలిక మాత్రము ఇట్లు వ్రాసెను. ఆ యూరిలో ఆకలి లేదు. ప్రతి యింట దీపమున్నది. చెట్ల కొఱకు తగవులు వచ్చుచున్నవని పెద్దలు ఒక నియమము చేసిరి. ఇకమీద చెట్లకు పేర్లుండవు, అంకెలే యుండును. తగవులు నిజముగనే ఆగినవి. అందఱును సంతోషించిరి. కొన్నాళ్లకు ఒక ముసలమ్మ జబ్బుపడి, మనుమరాలిని పిలిచి, ‘అమ్మా, ఇప్పపూవు తెచ్చిపెట్టు’ అని యడిగెను. పిల్ల అడవియంతయు తిరిగెను. ఇప్పచెట్టు క్రిందనే నిలిచి, అదియే ఇప్పచెట్టని తెలియక, వట్టి చేతులతో ఇంటికి వచ్చెను.

ఆ కథను తరగతిలో చదివి వినిపింపగా ఎవ్వరును మాటాడలేదు. చివరి బల్లమీది బాలుడొకడు లేచి, ‘సార్, ఊరు చెడిపోలేదు కదా?’ అనెను. ఆ బాలిక, ‘చెడిపోయినట్లు వాళ్లకు తెలియదు. అదే చెడిపోవడం’ అని బదులు చెప్పెను. ఆర్వెల్ పేరైనను విననిది ఆ పిల్ల. ఇంట ఒక భాష, బడిలో వేరొక భాష మాటాడు బిడ్డకు, మాట పోయిన నేమి పోవునో పుస్తకము చెప్పనక్కరలేదు. దుర్లోక కథకు ఇంతకంటె చక్కని నిర్వచనమును నేనెచ్చటను వినలేదు.

2024లో నాగ్ అశ్విన్ దర్శకత్వమున వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రమును మీలో పలువురు చూచియుందురు. అందు కాశీనగరముమీద ‘కాంప్లెక్సు’ అను మహాకట్టడము నిలిచియుండును. నీరు, పచ్చదనము లోపలివారికి. ధూళి, దప్పిక వెలుపలివారికి. ఆ కట్టడము దుర్లోక కథలోనిది. అందలి యంత్రములు, వాహనములు శాస్త్రకల్పనలోనివి. అశ్వత్థామ, కల్కి పురాణములోనివారు. తెగలు ఇట్లు కలియుట తప్పు కాదు. ఏ పోగు ఏ రంగుదో గుర్తెఱిగి చూచువానికి నేత మరింత బాగుగ తెలియును.

పురాణములో చీకటి ముదిరినప్పుడు అవతారపురుషుడు వచ్చును. అది మనకు ఆశ నిచ్చు కథ. దానిని నేను తక్కువ చేయను. ఆర్వెల్ నవలలో మాత్రము ఎవ్వరును రారు. పుస్తకము మూయగానే చదివినవాడొక్కడే మిగులును. ఆ యొక్కని లేపుటయే ఆ కథ పని.

కావున, బాలలారా, ఇట్టి కథను చదువునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ చెడు కాలమువలన వచ్చినదా, ప్రకృతివలన వచ్చినదా, మనుష్యుల యేర్పాటువలన వచ్చినదా? దానిని తెచ్చినవారు ఏ మేలు పేరు చెప్పిరి? దాని విత్తనము నేడు మన మధ్య ఎచ్చట నున్నది? మూడవ ప్రశ్నకు జవాబు దొరికిననాడు ‘కలికాలము, ఏమి చేయుదుము?’ అని నిట్టూర్చి కూర్చుండకుడు. విత్తనము చిన్నదిగ నున్నప్పుడు పెఱికివేయుటకు ఇద్దఱు పిల్లల చేతులు చాలును.