జగిత్యాల ఖిల్లా: నేలమీద నక్షత్రం

కోట అంటే కొండమీదే ఉండాలని మనకొక ఊహ. గోల్కొండ గాని, భువనగిరి గాని, కరీంనగరానికి దగ్గరనున్న ఎలగందుల గాని కొండను ఆసరా చేసుకుని లేచినవే. ఎత్తున ఉన్నవాడికి బలం, దిగువ నుంచి ఎక్కేవాడికి ఆయాసం. పాతకాలపు యుద్ధతంత్రమంతా ఇంచుమించు ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. అటువంటిది, కొండ ఆసరా లేకుండానే కోట కట్టి, కొండకోటకు ఇది తీసిపోదనిపించాలని పూనుకున్నవారు ఉన్నారు. వారి పనితనం చూడాలంటే దూరాభారాలు పోనక్కరలేదు. జగిత్యాల వెళితే చాలు.

మా మల్లాపూర్ వైపు నుంచి వెళ్లేవారు మెట్‌పల్లి చేరి, అక్కడ 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే, కోరుట్ల మీదుగా నేరుగా జగిత్యాలలో దిగవచ్చు. ఈ దారిన నిత్యం ఎందరో వస్తూ పోతూ ఉంటారు. ఆస్పత్రికని కొందరు, కచేరీ పనికని కొందరు, పెళ్లి బట్టలకని కొందరు. 2016లో జగిత్యాల జిల్లా కేంద్రమయ్యాక ఆ రాకపోకలు మరీ ఎక్కువైనాయి. కాని పట్నానికి ఉత్తరాన ఉన్న ఖిల్లా చూద్దామని బస్సు దిగేవారు మాత్రం అరుదు. కిందటి చలికాలంలో ఒక ఆదివారం నాడు మా ఇంటిల్లిపాదీ అందుకోసమే బయలుదేరాము.

"కోట అంటే గోల్కొండ అనుకున్నా నాన్నా! జగిత్యాలకేనా?" అన్నది మా అమ్మాయి, కాస్త నిరుత్సాహంగా.

ఈ ఖిల్లా 1747 నాటిది. అప్పటికి మొదటి నిజాము ఆసఫ్‌జా ఇంకా బ్రతికే ఉన్నాడు. ఆ మరుసటి ఏడే, 1748లో, ఆయన కన్నుమూశాడు. 'ధంసా' అన్న పేరుతో ప్రసిద్ధుడైన జఫరుద్దౌలా ఇబ్రహీం కోసం ఫ్రెంచి ఇంజనీర్లు దీన్ని కట్టారు. ఎలగందుల కోటలో 1754 నాటి మసీదు, కదిపితే ఊగుతాయని పేరుపడ్డ జంట మినార్లు కూడా ఈ జఫరుద్దౌలావే. అంటే ఒకే ప్రభువు చేతిలో రెండు కోటలన్నమాట: ఒకటి కొండను నమ్ముకున్నది, రెండవది లెక్కను నమ్ముకున్నది.

లెక్క అని ఎందుకన్నానో చెప్పాలి. ఫిరంగి వచ్చిన తర్వాత ఎత్తైన గోడ బలం కావడానికి బదులు బలహీనత అయింది. నిట్టనిలువుగా లేచిన గోడకు గుండు తగిలితే తొందరగా కూలుతుంది. అందుకని ఐరోపాలో కోటగోడ ఎత్తు తగ్గించి మందం పెంచారు. వెనుక మట్టి దట్టించారు. గోడను తొలిచిన గుండు మట్టిలో కూరుకుపోతుంది. ఇక గుండ్రని బురుజుతో మరొక చిక్కు ఉంది. శత్రువు దాని మొదట్లోకి వచ్చి నక్కితే, పైనున్న సిపాయికి కనబడడు, పక్క బురుజులోని సిపాయికీ కనబడడు. అదే బురుజును కొసదేర్చి, బాణపు ములికిలాగా ముందుకు తోస్తే ఆ చాటు ఉండదు. ఒక ములికి పాదం దగ్గరికి ఎవడు వచ్చినా పక్క ములికి నుంచి గురి కుదురుతుంది. ఇలా చుట్టూ ములుకులు పేర్చుకుంటూ వస్తే చివరకు తయారయ్యే ఆకారం నక్షత్రం. ఈ విద్య ఇటలీలో పుట్టింది. ఫ్రాన్సులో వోబాన్ అనే ఇంజనీరు దాన్ని శాస్త్రంగా తీర్చిదిద్దాడు. ఆయన 1707లో పోయాడు. మరి నలభై ఏళ్లకు ఆ విద్య జగిత్యాల దాకా వచ్చింది.

ఇదంతా నేను పాఠం చెప్పినట్లు చెబుతుంటే, మా ఆవిడ నవ్వి, "ఇరుగుపొరుగు ఒకరినొకరు కనిపెట్టి ఉంటేనే కోట నిలుస్తుందని చెప్పండి, సరిపోతుంది" అన్నది. నిజానికి నా పాఠమంతటి కంటె ఆ మాటే సులువుగా ఉంది.

చుట్టూ కందకం ఉంది. బురుజుల మీద పాత ఫిరంగులు ఇంకా ఉన్నాయి. అయితే ఒక విచిత్రం: నేలమీద నిలబడి చూస్తే నక్షత్రం కనబడదు. గోడ ఒకచోట ముందుకు వస్తుంది, ఒకచోట వెనక్కు తగ్గుతుంది, అంతే. మా అమ్మాయి ఫోనులో ఉపగ్రహం తీసిన పటం తెరిచి, "నాన్నా, చూడు!" అని నా చేతికిచ్చింది. ఇళ్ల కప్పుల నడుమ కోణాలు కోణాలుగా ఖిల్లా! బయలుదేరేటప్పటి నిరుత్సాహం ఆ పిల్ల మొహంలో మరి కనబడలేదు.

ఊరి పేరు గురించి కూడా ఒక ముచ్చట ఉంది. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్ల పేర్లు కలిసి జగిత్యాల అయిందని కొందరంటారు. కాదు, పొలవాస నేలిన జగ్గదేవుని పేరే ఇలా మారిందని మరికొందరంటారు. తెలుగు చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక నా మనసు జగ్గదేవుని వైపే మొగ్గుతుంది. అయినా మొదటి కథను కొట్టిపారేయబుద్ధి కాదు. కోట కట్టిన పరాయివాళ్లను సొంత ఊరి పేరులోనే కలుపుకున్నారంటే, ఆ కట్టడం జనం మనసులో ఎంత నాటుకున్నదో తెలుస్తుంది.

ఇటువంటి ములుకుల కోటే రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో, నేవా నది మధ్య ఒక చిన్న దీవిలో ఉంది. పీటర్ చక్రవర్తి స్వీడన్‌తో యుద్ధం జరుగుతుండగా 1703లో దాన్ని మొదలుపెట్టాడు. ఆరు బురుజులు, మొదట మట్టితో, ఆ తర్వాత ఇటుకతో. అక్కడ కూడా పని నడిపించినది పరాయి దేశస్థుడే, స్విట్జర్లండు నుంచి వచ్చిన ట్రెజ్జీని. పరాయి సైన్యమేదీ ఆ కోటమీదికి దాడికి రానే లేదు. చాలాకాలం అది ఖైదుగా ఉంది; 1849లో రచయిత దొస్తొయెవ్‌స్కీని బంధించినది అందులోనే. కోట మధ్య 1733లో పూర్తయిన పెద్ద చర్చి ఉంది. దాని శిఖరం 122 మీటర్లకు పైచిలుకు. పీటరు మొదలుకొని రష్యా చక్రవర్తులలో చాలామంది సమాధులు అందులోనే ఉన్నాయి. నేటికీ రోజూ పగలు 12 గంటలకు ఆ కోటమీద ఫిరంగి పేలుస్తారు. ఊరిలోనివారు ఆ మోత విని గడియారాలు సరిచూసుకునేవారట.

యుద్ధం ఎరగని కోటకు మూడు వందల ఏళ్లు ఆయుస్సు పోసినది ఆ చర్చి, ఆ పన్నెండు గంటల మోత. ఈ సంగతి మనకు తెలియనిదేమీ కాదు. జగిత్యాల నుంచి అదే రోడ్డున మరో 30 కిలోమీటర్లు పోతే ధర్మపురి. అక్కడ గోదావరి దక్షిణంగా పారుతుంది. లక్ష్మీనరసింహస్వామి గుడి, రామలింగేశ్వరుడు, మరెక్కడా అంతగా కనబడని యమధర్మరాజు గుడి. మేము వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. అయినా స్నానఘట్టాల దగ్గర సందడి తగ్గలేదు. శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యపు మకుటంలోనూ ఈ ఊరి పేరు ఉంది. ఆ పద్యాలు వల్లించిన పిల్లలున్నంత కాలం ధర్మపురిని ఒకరు గుర్తుచేయనక్కరలేదు. దీపం పెట్టే చెయ్యి రోజూ ఉన్నచోట, రాయి ఊడితే ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు గమనిస్తారు.

ఖిల్లాకు అటువంటి చెయ్యి లేదు. గోడ సందుల్లో రావి మొక్కలు మొలిచాయి. లేత ఆకులు గాలికి ఊగుతూ చూడటానికి ముద్దుగానే ఉంటాయి. కాని పుష్కరకాలం గడిచేసరికి వాటి వేళ్లు సున్నాన్ని తొలిచి రాయిని రాయి నుంచి విడదీస్తాయి. ఫిరంగి గుండ్లకు లెక్కకట్టిన ఇంజనీర్లు రావి వేళ్లకు లెక్క కట్టలేదు! ఆ పని మనకు వదిలిపోయారు.

అందుచేత ఈసారి కచేరీ పనిమీదనో, బట్టల కోసమో జగిత్యాల వెళ్లినప్పుడు ఒక గంట మిగుల్చుకోండి. పిల్లలను వెంట తీసుకువెళ్లండి. వానలు వెనుకబట్టిన తర్వాత, ఎండలు ముదరక ముందు, సంక్రాంతికి అటూ ఇటూ అయితే హాయిగా ఉంటుంది. తాగే నీళ్లు మరువకండి. ఉపాధ్యాయులైతే రేఖాగణితం పాఠం ఒకపూట అక్కడే చెప్పవచ్చు. చూసేవారు పదిమంది వస్తున్న చోట రావి మొక్క చెట్టు అయ్యేదాకా ఎవరూ ఊరుకోరు.