అసలుకు తాళం... నకలుకు టికెట్!

ఈ ఒడ్డున కొండకొమ్ము మీద బేనాక్ కోట. ఆ ఒడ్డున దానికేసి గుడ్లురుముతున్నట్టు కాస్టెల్‌నో కోట. నడుమ ఏమీ ఎరగనట్టు సాగిపోయే దోర్దోన్ నది. వందేళ్ల యుద్ధకాలంలో ఈ కోటవాళ్లు ఫ్రెంచి రాజు పక్షం. ఆ కోట చాలాకాలం ఇంగ్లిషువారి పక్షం. ఇప్పుడు ఆ నీళ్లలో సెలవులకొచ్చిన పిల్లలు తెడ్లేసుకుంటూ కేరింతలు కొడుతుంటారు.

నైరుతి ఫ్రాన్స్ పల్లెసీమ ఇది. ఎక్కడో నడిదేశపు కొండల్లో పుట్టిన దోర్దోన్ 480 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, బోర్డో నగరానికి దిగువన గారోన్ నదిని కలుస్తుంది. దారిపొడవునా తేనెరంగు రాతి ఇళ్లు, వాల్‌నట్ తోటలు, బాతుల పెంపకం. లా రోక్ గజాక్ అనే ఊరైతే నిలువెత్తు కొండచరియకు వీపు ఆనించి కూర్చున్నట్టుంటుంది. 1957లో ఆ చరియ విరిగిపడి ముగ్గురు చనిపోయారు. అయినా జనం ఊరు వదల్లేదు.

ఆ ఊరి రేవులోనే ‘గబార్’ పడవలు ఎక్కొచ్చు. అడుగు చదునుగా ఉండే ఈ చెక్క పడవల మీదే ఒకప్పుడు ఎగువ అడవుల ఓక్ కలప దిగువకు వెళ్లేది, ద్రాక్షసారా పీపాల తయారీకి. ఎగువ నుంచి వచ్చిన చాలా పడవలకు అది ఒకవైపు ప్రయాణమే. సరుకు దించాక పడవను కూడా ఊడదీసి కలప కింద అమ్మేసి, పడవవాళ్లు కాలినడకన ఇల్లు చేరేవారు! రైలు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. ఇప్పుడు ఎక్కేవి పర్యాటకుల కోసం పాత తీరులో కట్టినవి.

నదికి కాస్త ఎడంగా సార్లా పట్టణం. శనివారం సంతకు వెళితే వీధులన్నీ జున్నుముద్దలు, బాతుమాంసం డబ్బాలే. ఆ వీధులు ఈ మాత్రం నిలబడ్డాయంటే 1962లో వచ్చిన ఓ చట్టమే కారణం. విడివిడి కట్టడాలనే కాదు, పాత పేటలను ఉన్నవి ఉన్నట్టుగా కాపాడాలన్నది దాని సారాంశం. తెచ్చింది రచయిత, నాటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో. దాని కింద ముందుగా బాగుపడిన ఊళ్లలో సార్లా ఒకటి.

అదే మాల్రో మరుసటి ఏడాది ఇక్కడికి దగ్గర్లోనే ఓ తలుపు మూయించాడు.

దోర్దోన్‌లో కలిసే వెజేర్ నది ఒడ్డున మోంటిన్యాక్ ఉంది. ఆ ఊరి కొండ మీద 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రాళ్లు ఓ కన్నంలోకి దిగారు. దీపం వెలుగులో గోడల నిండా ఎద్దులు, గుర్రాలు, దుప్పులు! అవి పదిహేడు వేల ఏళ్లకు తక్కువ కానివని పరిశోధకుల అంచనా. ఒక ఎద్దు బొమ్మయితే 17 అడుగుల పొడవు. అదే లాస్కో గుహ. 1948 నుంచి జనాన్ని రానిచ్చారు. రోజుకు వెయ్యిమందికి పైగా వచ్చిన రోజులున్నాయి. ఇన్ని వేల ఏళ్లు చెక్కుచెదరని బొమ్మలకు మనిషి ఊపిరే చేటు తెచ్చింది. ఆ తేమకు, వేడికి, దీపాలకు గోడల మీద ఆకుపచ్చ నాచు పుట్టింది. 1963లో గుహకు తాళం పడింది. అయినా గండం గడవలేదు. 2001లో బూజు పట్టింది.

మరి ఊరి సంగతి? వచ్చేవాళ్లు ఆగిపోతే కొట్లు, హోటళ్లు నడవాలి కదా! ఆ చిక్కుకు జవాబు నకలు గుహ. మోనిక్ పేట్రాల్ అనే చిత్రకారిణి ఏళ్ల తరబడి అవే ఖనిజ రంగులతో చాలా బొమ్మలను తిరిగి గీసింది. 1983లో తెరిచారు. అదీ అసలు గుహకు 200 మీటర్ల దూరంలోనే. రాకపోకల బరువు కొండకు మంచిది కాదని 2016లో కొండ దిగువన మరో పెద్ద నకలు కట్టారు. లోపల అసలు గుహలోలాగే చల్లగా ఉంటుంది.

నకలుకు టికెట్టేమిటని పెదవి విరిచేవారూ లేకపోలేదు. లోపలికెళ్లి ఎద్దుల ముందు నిలబడితే ఆ మాట గుర్తుండదు. గోడ ఉబ్బునే జంతువు పొట్టగా మలిచిన ఆ నేర్పు నకలులోనూ తెలుస్తుంది.

అసలు బొమ్మలే చూడాలనుకుంటే లెజేజీ దగ్గరి ఫోన్ ద గోమ్ గుహకు వెళ్లాలి. రంగురంగుల అడవిదున్నలు అక్కడ నిజమైనవే. రోజుకు కొద్దిమందినే, అదీ చిన్నచిన్న జట్లుగా పంపుతారు. గోడను తాకనివ్వరు. ముందే టికెట్ తీసుకుంటే మంచిది.