ఆగని పెడళ్లు

మా నాయన సైకిల్ ఫ్రీవీల్ పాడైతే, కొత్తది కొనలేక వెల్డింగ్ పెట్టించాడు. అప్పటినుంచి చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరగాల్సిందే.

నిరుడు ఒక సబ్జెక్టు పోయింది. చదువు మానేద్దామనుకుంటూనే, సంక్రాంతి సెలవుల్లో ఆ సైకిలెక్కి ఖమ్మం నుంచి భద్రాచలం బయల్దేరాను. దాదాపు 120 కిలోమీటర్లు. దుప్పటి, టార్పాలిన్ ముక్క, అటుకులు, అంతే సామాను.

పాల్వంచ దాటాక అడవిలో దిగుడు. అలవాటు కొద్దీ కాళ్లు ఆపబోయాను. పెడల్ ఎగరేసి పారేసింది. లేచి, ఈసారి పెడళ్లను వెనక్కి నొక్కిపడుతూ దిగాను. పుస్తకంలోని గతిజశక్తి తొడలకు తెలిసింది! రాత్రి ఓ కోయగూడెంలో పంచన పడుకుని, తెల్లారి గోదావరి వంతెన చేరాను.

ఇంటికొచ్చి చెబితే నాయన నవ్వాడు: "సేద్యమూ అంతేరా! పంట పోయిందని కాలు ఆపితే, అదే పడేస్తది."

మర్నాడే సప్లిమెంటరీకి ఫీజు కట్టాను.