జెంటూ, కొరింగీ, బందికూట్

జూన్ 9, ఆదివారం

ఈ మధ్య రాత్రిళ్ళన్నీ హాబ్సన్-జాబ్సన్‌తోనే గడుస్తున్నాయి. హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి కూర్చిన నిఘంటువు, 1886లో లండన్‌లో అచ్చయింది. మన దేశంలో కాపురమున్న ఇంగ్లీషువాళ్ళ నోళ్ళలో నానిన మాటలకు ఇదొక గాదె. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి, తంజావూరులో జడ్జి, గట్టి సంస్కృత పండితుడు. పుస్తకం కళ్ళజూడకుండానే 1882లో, 42 ఏళ్ళకే పోయాడు. మిగిలిన బరువంతా యూల్ మోశాడు. పీర్ల పండుగలో గుండెలు బాదుకుంటూ వేసే ‘యా హసన్, యా హుస్సేన్’ కేక తెల్ల సోల్జర్ల నోట పడి ‘హాబ్సన్-జాబ్సన్’ అయిందట. అదే పుస్తకానికి పేరు పెట్టారు.

ఇందులో సగం మాటలు ఇవాళ ఇంగ్లండులో అడిగితే ఎవరూ చెప్పలేరు. నేను వెతుకుతున్నది మనవాళ్ళ జాడ ఉన్న మాటల కోసం.

జూన్ 12, బుధవారం

జెంటూ. ఒకప్పుడు ఇంగ్లీషులో మన పేరు ఇదే. పోర్చుగీసువాళ్ళు ముస్లిములను ‘మోరో’లనీ, హిందువులను ‘జెంతియో’లనీ అనేవారు. జెంతియో అంటే తమ మతంలో లేనివాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్నే జెంటూ చేసుకున్నారు. 1776లో హాల్‌హెడ్ అచ్చువేసిన ‘జెంటూ లా’ గ్రంథంలో ఆ మాటకు హిందువులనే అర్థం. మద్రాసు వైపు మాత్రం అది తెలుగువాళ్ళకూ తెలుగు భాషకూ అంటుకుపోయింది. నన్నయ, తిక్కన రాసిన భాషను కోటలో దొరలు ‘అన్యమతస్థుల భాష’ అని పిలుచుకున్నారన్నమాట! చదువుతుంటే మనసు చివుక్కుమంది.

1816లో మద్రాసులో వెలువడిన క్యాంప్‌బెల్ వ్యాకరణం పేరులో ‘తెలూగూ భాష’ ముందు వచ్చింది, ‘సామాన్యంగా జెంటూ అనేది’ అన్న మాట వెనక్కి జరిగింది. ఆ పుస్తకం ఉపోద్ఘాతానికి జోడించిన వ్యాసంలోనే మద్రాసు కలెక్టరు ఎల్లిస్, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళ కన్నడాలతో దానిది ఒకే కుదురనీ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. ద్రావిడ భాషలన్నీ ఒకే కుటుంబమని చాటిన కాల్డ్‌వెల్ కంటే 40 ఏళ్ళు ముందు! 1852లో బ్రౌన్ నిఘంటువు వచ్చేసరికి అట్ట మీద తెలుగు అనే ఉంది. జెంటూ ఇప్పుడొక పెంగ్విన్ పేరు. ఆ పెంగ్విన్ పేరే లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఒక రకానికి పెట్టారు. దాన్ని వాడే మన కుర్రాళ్ళకు ఎవరైనా ఈ కథ చెప్పాలి.

జూన్ 13, గురువారం

టిఫిన్. ‘టిఫింగ్’ అని ఇంగ్లండులో పాత యాస మాట ఉండేది, వేళగాని వేళ ఓ గుక్క తాగడం. ఇక్కడికొచ్చి దొరల మధ్యాహ్నపు ఫలహారమైంది. అక్కడ అది మాసిపోయింది, ఇక్కడ పొద్దున్నే పెసరట్టు మీద బతికే ఉంది. బండిని కూడా ‘బ్యాండీ’ అంటూ వాడుకున్నారు. బెంగాలు దొరలకు ఆ మాట తెలియదట.

జూన్ 16, ఆదివారం

బందికూట్ మన పందికొక్కే. తెలుగే మూలమని యూల్ స్పష్టంగా రాశాడు. కోతలయ్యాక గట్టు మీద కలుగు తవ్వితే లోపల అరలు అరలుగా ఉంటుంది, కొరికి తెచ్చిన కంకులు కుక్కి ఉంటాయి. యానాదులు మోకాళ్ళ మీద కూర్చుని, కలుగులో పొగబెట్టి, ఆ వడ్లు తోడుకుని దంచుకునేవారు. ఈ మాట ఇంగ్లీషులోకి పండితుల ద్వారా వెళ్ళి ఉండదు. అలాంటి గట్టు మీది మనిషి నోటినుంచే వెళ్ళి ఉంటుందని నా నమ్మకం.

తర్వాత ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్ళు అక్కడి పొడుగు మూతి జంతువొకదానికి ఇదే పేరు పెట్టేశారు. అది ఎలుక జాతే కాదు, పిల్లల్ని సంచిలో మోసుకు తిరిగేది. ఇప్పుడు లోకానికి బందికూట్ అంటే అదే. గట్టు మీది యానాది ఏ చరిత్రలోనూ లేడు.

జూన్ 20, గురువారం

కోరంగి మా కాకినాడ పక్కనే. పెద్ద ఓడలు కట్టిన, బాగుచేసిన రేవు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. రేవు పోయినా పేరు బర్మాలో మిగిలింది. రంగూన్‌లో తెలుగు కూలీలందరినీ ‘కొరింగీ’ అనేవారు, సర్కారు కాగితాల్లో కూడా. 1930 మేలో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఆ కడుపుమంటతో రేవులో కొట్లాట రేగి ఊరంతా పాకింది. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది కొరింగీలే.

జూన్ 23, ఆదివారం

మా వీధి చివరి మామ్మగారు 1964లో, చిన్నపిల్లప్పుడు, రంగూన్ నుంచి ఓడలో వచ్చారు. సాయంత్రం వెళ్ళి కూర్చున్నాను.

“మామ్మగారూ, మీది కోరంగి వైపేనా?”

“కాదు బాబూ, శ్రీకాకుళం అవతల పల్లి. మా నాన్న రేవులో బియ్యం బస్తాలు మోసీవోడు. ఏ ఊరోడైనా అక్కడ కొరింగీయే. ‘మాకో ఊరుందిరా’ అని మా నాన్న కోప్పడీవోడు.”

“ఏ ఊరు?”

చెప్పింది. దాని పక్కనే ఇంకో నాలుగు పల్లెల పేర్లు, అక్కడినుంచి వెళ్ళిన కుటుంబాల ఇంటిపేర్లు కూడా చెప్పింది. అన్నీ రాసుకున్నాను. రేవులో మూటలెత్తేటప్పుడు వాళ్ళు వాడిన మాటలు కొన్ని ఇంకా గుర్తున్నాయట. బుధవారం మధ్యాహ్నం రమ్మంది.