మెరకా? పల్లమా?

మినీ ప్రాజెక్ట్‌కి మేం టేకాఫ్ సిమ్యులేటర్ తీసుకున్నాం. కోడ్ నాది, డేటా మా రూమ్మేట్‌ది. రన్‌వే వివరాలు ఇస్తే విమానం ఎన్ని మీటర్లు పరిగెత్తి గాల్లోకి లేస్తుందో చెప్పాలి. మామూలు రన్‌వేల మీద బాగానే చెప్పింది.

రివ్యూలో మేడం "ఏదైనా వింత రన్‌వే చూపించండి" అన్నారు. నేపాల్‌లోని లుక్లా పెట్టాం. రన్‌వే 527 మీటర్లే, వాలు సుమారు 11.7 శాతం. పై చివర కొండ, కింది చివర లోయ. అందుకే విమానాలు ఎగువకి వాలతాయి, దిగువకి లేస్తాయి. మా ప్రోగ్రామ్ మాత్రం దిగువకి 450 మీటర్లు కావాలి, ఎగువకి 168 చాలు అంది! క్లాసంతా నవ్వింది. నేను ఆలోచించకుండా "డేటా వీడు తప్పు ఎక్కించాడు మేడం" అనేశాను. వాడు తల దించుకున్నాడు.

రాత్రి తాతయ్య ఫోన్‌లో ప్రాజెక్ట్ గురించి అడిగాడు. 'స్లోప్'కి తెలుగు మాట తట్టక (మన ఇంగ్లీష్ మీడియం పుణ్యం) చాలాసేపు తిప్పలుపడ్డాను. "మెరకా పల్లమా అనరా! మెరక ఎక్కేటప్పుడు బండి బరువే బండిని వెనక్కి లాగుద్ది" అన్నాడు.

అంతే కదా. మేం అనుకున్న విమానం చదును నేల మీద సెకనుకి 2.5 మీటర్ల చొప్పున వేగం పెంచుకుంటూ, 35 మీటర్ల వేగానికి 245 మీటర్లలో లేస్తుంది. లుక్లా వాలులో దాని బరువే ఆ 2.5కి ఇంకో 1.14 కలపాలి, లేదా తీసెయ్యాలి. పల్లానికి 168, మెరకకి 450. కొండల్లోని పల్చటి గాలిని మేం అసలు లెక్కలోకే తీసుకోలేదు, అది వేరే సంగతి.

కోడ్ తెరిచాను. వాలు ముందు ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. వాడి షీట్‌లో పైనే "దిగువకి ప్లస్" అని రాసుంది, నేనే చదవలేదు. ఒక శాతం వాలున్న రన్‌వేలో తేడా సుమారు ఇరవై మీటర్లే, అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

వాణ్ణి లేపి చెప్పాను. "క్లాసందరి ముందు అన్నావ్, ఇప్పుడు నా ఒక్కడికే చెప్తున్నావా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం మళ్లీ రివ్యూ. మొదటి స్లైడ్‌లో ఆ లైన్ పెట్టాను, మైనస్‌ని ఎర్రగా చేసి, పక్కన నా పేరు రాసి.